మొండి పాళీ

పాత సామాన్ల అంగడిలో కొన్న ఇంకు పెన్ను రిటైరైన గుమాస్తాగారికి ముచ్చెమటలు పట్టించింది. కడిగినా, సిరా మార్చినా కాగితాన్ని గీరుతూనే ఉంది. "దీని పొగరు తగలెయ్య!" అని బల్లమీద పడేశాడు.

ఆయన పెన్నులను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. అయినా భార్య దాన్ని ఎడమచేత్తో అందుకుని తన పేరు రాసింది. అక్షరాలు వెన్నలా జారాయి.

ఎవరి చేతిలో అరిగిన పాళీ వాళ్లకే లొంగుతుందని ఊరందరికీ చెప్పే ఆయనకి, ఈ పెన్ను ఎడమచేతి వాటం మనిషిదని అప్పుడు తట్టింది. పనికిరావని పక్కన పెట్టిన పెన్నుల సొరుగు లాగి ఆమె ముందు పెట్టాడు.

"ఇవి కూడా కాస్త చూడవే."

ఆమె సొరుగును తనవైపు లాక్కుంది.

"చూస్తాను. ఇకమీదట మీరు వీటిని ముట్టుకోకండి."