పనస జిగురు

పనసకాయ కోసిన ప్రతిసారీ చేతులకు నూనె రాసుకుంటాను. ఆ జిగురు నీళ్లతో పోదు. ఆ సంగతి నాకు నేర్పింది, కురుపాం దగ్గర కొండ కింద ఒక్కతే ఉండే మా మేనత్త.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఒక శనివారం నాన్న ఏనుగులు చూపిస్తానని నన్ను అత్త ఇంటికి తీసుకెళ్లి దింపాడు. "ఏనుగులొస్తే అత్త సేత ఫోన్ సెయ్యించమ్మా. వచ్చీసి నీతోపాటు నేనూ సూస్తాను" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్త బాగా ముగ్గిన పనసపండును పెరట్లో గొయ్యి తీసి పాతేసింది. "వాసనకి ఏనుగులొచ్చీస్తాయే" అంది. ఊళ్లో అందరూ అదే పని చేస్తున్నారు. వీళ్లంతా కలిసి నాన్నను రానివ్వడం లేదనుకున్నాను. అత్త వంటలో ఉండగా మట్టి తోడి, పండు చీల్చి, తొనలు అరటిచెట్ల కింద పెట్టాను.

తెల్లారేసరికి తొనలు లేవు. అరటిచెట్లు నేలకూలి ఉన్నాయి. ఏనుగు వచ్చి వెళ్లిపోయింది. దాని అడుగులో నా రెండు పాదాలూ పట్టాయి.

అత్త నా చేతులు చూసింది. నూనె రాసి జిగురు వదిలించి, నాన్నకు ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, ఏనుగొచ్చినాది. పిల్ల నీకోసం సూస్తన్నాది, రారా."

అమ్మ దగ్గర ఎవరూ లేరని, రాలేనని నాన్న అన్నాడట. నేను నమ్మలేదు. ఆ రోజంతా దారి వైపే చూస్తూ కూర్చున్నాను. విరిగిన గెలలు ఒక్కతే ఏరుకుంటున్న అత్త వైపు ఒక్కసారీ చూడలేదు.