అవ్వ పట్టుకొచ్చిన మనిషి

పోయిన వారం, మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, చనిపోయాడని మొయినాబాద్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. సరేనని ఫోన్ పెట్టేసి, మిగిలిన కాయలు కూడా తీసి, అప్పుడు చీర మార్చుకుని మా ఊరు ఎంకపల్లికి బయలుదేరాను. బస్సులో ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ కదలలేదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, జొన్నలు నూర్చే రోజుల్లో, కల్లు తాగి ఉన్న చిన్నాయన కల్లంలో ట్రాక్టర్ వెనక్కి తీస్తుంటే చక్రం కింద మా తమ్ముడు పడ్డాడు. వాడికి ఐదేళ్లు. బాపు మా చర్చిలో సంఘపెద్ద, దేవుడు పరిశుద్ధుడనీ, పాపానికి తీర్పు తప్పదనీ ప్రతి ఆదివారం ప్రార్థనలో చెప్పే మనిషి. తమ్ముణ్ని మట్టిలో పెట్టిన వారమే, చిన్నాయన రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదని సంఘంలో నిలబడి చెప్పాడు. చిన్నాయన కల్లు మానేశాడు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం వచ్చి, చర్చి బయట చెప్పులు విడిచే చోట కూర్చుని, ఆరాధన ముగియగానే లేచి వెళ్లిపోయేవాడు. మేం ఆయన పక్కనుంచే లోపలికి వెళ్లేవాళ్లం.

ఒక ఈస్టర్ నాడు, రొట్టె ఇచ్చే వేళకు మోకాళ్ల మీద ఉన్న అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, లేచి, బయటికి వెళ్లి, చిన్నాయన చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. బాపు అడ్డంగా నిలబడ్డాడు.

“దేవుడు పరిశుద్ధుడు. గీ బల్ల ఆట గాదు.”

అవ్వ గొంతు పెంచలేదు. “పరిశుద్ధుడని నాకెరుకే. గా పరిశుద్ధుడే మన కోసం తన కొడుకును ఇచ్చిండు. గీ బల్ల మంచోళ్లకే అయితే నేను గూడ బయటనే కూసుంట. రెండేండ్ల సంది ఈయన సావాలని ప్రార్థన చేస్తున్న.”

బాపు పక్కకు జరిగాడు. అవ్వ తాగిన గిన్నెలోనే చిన్నాయన తాగాడు. అదంతా ఎవరింట్లోనో జరుగుతున్నట్టు వెనక నిలబడి చూశాను. ఆ తర్వాత ఆయన మా ఇంట్లో తిన్నాడు, చేవెళ్లలో నా హాస్టల్‌కు క్యారెట్లు మోసుకొచ్చాడు, అవ్వ పోయినప్పుడు పెట్టెకు భుజం పట్టాడు. నేను మాత్రం చివరిదాకా ఆయన్ని ఎదురుగా ‘చిన్నాయనా’ అని పిలవలేదు.

సమాధి దగ్గర పిడికెడు మట్టి వేసి వచ్చేశాను. ఆ చర్చి ఇప్పుడు పెద్దదైంది. కుర్చీలొచ్చాయి, ద్రాక్షరసం ఎవరిది వాళ్లకు చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో ఇస్తున్నారు. ఎవర్నీ బయట కూర్చోబెట్టడం లేదు, మంచిదే. కానీ రాని మనిషి ఎందుకు రాలేదని లేచి చూసేవాళ్లు మా వయసువాళ్లలో కూడా కనబడరు. అవ్వకు అక్షరం రాదు. కృప మీద వాక్యాలన్నీ కంఠతా వచ్చిన నాకు, ఆమె ఆరోజు ఎట్లా లేవగలిగిందో ఇవాళ్టికీ తెలియలేదు.