ఖాళీ పెట్టె ఎక్కిన ఎంబీఏ

నిద్రకి చోటు వెతుక్కుంటూ పోయి, ఏడాదిపాటు కునుకు తీసే యోగం పోగొట్టుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నా ఘనకార్యం పుణ్యమా అని మా నాన్న ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని, ఎప్పటికీ రాని మనుషుల కోసం ఎదురుచూశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, సిగ్గు దాని వెనకాల నెమ్మదిగా నడిచొస్తుంది.

మాది జంషెడ్‌పూర్‌లో బాగ్‌బేరా. నాన్నది టాటానగర్ యార్డులో బోగీకి బోగీ తగిలించే డ్యూటీ. పెళ్ళిళ్ళకి శ్రీకాకుళం వెళ్ళినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద ఆయన చెప్పే మాట ఒకటుంది.

"అందరూ ఎగబడే పెట్టె ఎక్కకండి. ఇలాగ సివరికంటా నడండి. ఖాళీ పెట్టె దొరుకుతాది, కాళ్ళు సాపుకుని తొంగోవచ్చు."

అలాగే నడిచేవాళ్ళం, హాయిగా పడుకునేవాళ్ళం. ఆ మాట నా బుర్రలో వేదవాక్కై కూర్చుంది.

ఎంబీఏ మొదటి ఏడాది గట్టెక్కాక స్పెషలైజేషన్ ఎంచుకోమన్నారు. ఫైనాన్స్ బల్ల దగ్గర జనం, మార్కెటింగ్ దగ్గర జనం. హెచ్‌ఆర్ దగ్గరైతే దసరా ముందు సాక్చి మార్కెట్టే. నా స్నేహితురాలు పింకీ నా చెయ్యి పట్టుకు లాగింది.

"హెచ్‌ఆర్‌లో చేరిపో. ఊరి నిండా ఫ్యాక్టరీలే కదా!"

"వెనక బెంచీ దొరుకుతుందా?"

"దానికి ఎప్పుడో రుమాళ్ళు వేసేసుకున్నారు."

నా సంగతి మీకు తెలీదు. నేను డిగ్రీలో ఎకనామిక్స్ మొత్తం వెనక బెంచీలో కళ్ళు మూసుకుని, చాలా శ్రద్ధగా విన్నదాన్ని. వెనక బెంచీ లేని చదువు నాకెందుకు? అటూ ఇటూ చూశాను. ఓ మూల ఫ్యాను కింద ఒక బల్ల, దాని వెనక మిశ్రా సార్, ముందు ఒక్క పురుగు లేదు. అగ్రి బిజినెస్‌ట. మా ఇంట్లో వ్యవసాయమంటే అమ్మ నూనె డబ్బాలో పెంచుతున్న కరివేపాకు మొక్క. అయితేనేం? నాన్న గొంతు చెవిలో మోగింది: ఖాళీ పెట్టె!

వెళ్ళి పేరిచ్చాను. మిశ్రా సార్ లేచి నిలబడి, నాకు కుర్చీ వేసి, టీ తెప్పించారు. అప్పుడైనా అనుమానం రావొద్దూ? విద్యార్థిని చూసి మేష్టారు లేచి నిలబడటం ఏ దేశంలో ఉందండీ? నేను మాత్రం టీ తాగి, బిస్కెట్టు కూడా తిన్నాను.

మొదటిరోజు క్లాసుకి వెళ్తే గదిలో ఒంటికాయ సొంటికొమ్ములా నేనొక్కదాన్నే.

"మిగతావాళ్ళు, సార్?"

"మిగతావాళ్ళు లేరు బేటీ," అని సార్ హాజరు పట్టీ తెరిచి, గదంతా కలయజూసి, "రోల్ నంబర్ ఒకటి?" అని గట్టిగా పిలిచారు.

వెనక బెంచీలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆయన కూడా కుర్చీ ఎత్తుకొచ్చి నా పక్కనే వేసుకున్నారు. ఆవలించాను. "క్లాసంతా ఆవలిస్తోంది, కిటికీలు తీద్దాం," అన్నారు. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టారు. అందులో ఉన్నది ఇద్దరం. రోజూ రాత్రి "ప్రియమైన విద్యార్థులారా, రేపు అందరూ వేళకి రావాలి," అని వచ్చేది. ఆ అందరూ నేనే.

ఇంటికొస్తే నాన్న అడిగేవాడు. "ఏటమ్మా బుజ్జీ, సీటు దొరుకుతాందేటి?"

రైలుకి చెప్పిన మాట చదువుకి అంటగట్టి, ఎవరూ ఎక్కనిది ఎందుకు ఎక్కావంటాడని భయం. "బహుత్ భీడ్ హై నాన్నా," అనేశాను. అంత రద్దీ అని విన్నాక ఆ మనిషి ఊరుకుంటాడా? "అయితే ముందెళ్ళి కూకో," అని రోజూ తెల్లారకుండానే లేపి పంపేవాడు. అబద్ధం ఆడినందుకు దేవుడు వేసిన మొట్టికాయ అది.

ఓ రోజు జోరున వాన. దుప్పటి వదలబుద్ధి కాలేదు. అమ్మతో "ఇవాళ క్లాసు లేదే," అన్నాను. అది అబద్ధం కాదు కూడా, నేను వెళ్ళకపోతే క్లాసు లేనట్టే కదా. కానీ కాలేజీవాళ్ళకి ఒక రూలుంది: క్లాసు మొత్తం ఎగ్గొడితే మాస్ బంక్, తల్లిదండ్రుల్ని పిలిపించాలి. మర్నాడు ఆగని వానలోనే కాలేజీకి వెళ్తే, నన్ను ప్రిన్సిపాల్ గదిలో నిలబెట్టి నాన్నకి ఫోను చేశారు. "మొత్తం క్లాసు బంక్ కొట్టింది. మీ అమ్మాయి కూడా ఉంది. రండి."

నాన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చేశాడు. ప్రిన్సిపాల్ గదిలో నా తరఫున హిందీలో వాదన. ఆయన హిందీ కూడా శ్రీకాకుళంలోనే పుట్టింది.

"మా పిల్ల అలాటిది కాదు సార్. ఎవరో సెడగొట్టీసుంటారు. మిగతా పిల్లల అమ్మానాన్నలు కూడా రానీండి, అందరి ముందూ తేల్చుకుందాం."

ప్రిన్సిపాల్ ఏదో అనబోతే ఫోను మోగింది, ఆయన అటు తిరిగారు. నాన్న నింపాదిగా కూర్చున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, లేచి చూస్తున్నాడు. "వానకి ఆటోలు దొరకనట్టున్నాయి. లేటుగా నడుత్తన్నారు, వత్తారులే," అని నాకే ధైర్యం చెప్పాడు. అంత నమ్మకంగా నా పక్షాన కూర్చున్న మనిషిని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో గొడుగు మడుచుకుంటూ మిశ్రా సార్ వచ్చారు. నాన్న లేచి దండం పెట్టాడు. "మా అమ్మాయి మీ క్లాసులో పిల్లే సార్."

"క్లాసులో పిల్ల కాదండీ," అన్నారు సార్ మెల్లగా. "క్లాసే ఆ పిల్ల."

నాన్నకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "పెట్టె ఖాళీగా ఉందని ఎక్కీసినావు, సరే. ఇంజిను తగిలించుందో నేదో సూడక్కర్నేదేటే?"

"ఏమంటున్నారు?" అని అడిగారు సార్. నా పరువు తీసిన మాటని నా నోటితోనే హిందీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది.

మిశ్రా సార్ నవ్వలేదు. "ఇంజిన్ ఉందండీ, నేనే. ఒక్క పెట్టె కోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నాను," అన్నారు.

నాన్న ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. నా రెక్క పట్టుకుని తీసుకెళ్ళి సార్ పక్కన నిలబెట్టాడు.

"తగిలించడం నా డ్యూటీయే సార్. తీసుకెళ్ళండి."

ఆ ఏడాది ఇక ఒక్క క్లాసూ తప్పలేదు. క్లాసు ఫస్టూ నేనే, లాస్టూ నేనే. కాబట్టి చదువరులారా, రైలు పట్టాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట టాటానగర్‌లో ఎంత ఖాళీ పెట్టె కనిపించినా, కిటికీలోంచి తొంగిచూసి, లోపల మిశ్రా సార్ లేరని రూఢి చేసుకున్నాకే కాలు పెడతాను.