మంచు ఆట పర్శరాములు

సిరిసిల్ల పర్శరాములుకు ఒకే ఒక్క రోగం. మంచు మీద ఆడే హాకీలో ఏ ఆటగాడు ఏ జట్టు విడిచి ఏ జట్టులో చేరాడో నలుగురికీ చెప్పకపోతే ఆయనకు తిన్న అన్నం అరగదు. చెప్పి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఆ చేరడం మంచిదా చెడ్డదా, ఆ జట్టు పెద్దలకు బుద్ధి ఉందా లేదా అని తీర్పు కూడా ఇస్తాడు. వినేవాళ్ళలో ఆ ఆట చూసినవాడు ఒక్కడూ లేడు. ఎండాకాలం కుండలో నీళ్ళు కూడా చల్లబడని ఊరది. అక్కడ మంచు అంటే సోడా బండి మీద పొట్టు కప్పిన గడ్డే.

ఈ రోగం దుబాయిలో అంటింది. అక్కడొక పెద్ద బజారు భవనంలో మంచు మైదానం ఉంటే, దాన్ని నున్నగా చేసే బండి నడిపే పని పర్శరాములుది. బయట ఇసుక మాడిపోతుంటే లోపల స్వెట్టరు వేసుకుని మంచు దున్నేవాడు. అక్కడ ఆట నేర్పే ఒక కెనడా ఆయన, కాళ్ళకు కత్తుల బూట్లు తొడుక్కుని నల్లటి రబ్బరు బిళ్ళను కర్రతో కొట్టడం ఎలాగో చూపించి, ఈయనను ఆ మాయలో దింపాడు. ఊళ్ళో మిగతావాళ్ళు గల్ఫు నుంచి సెంట్లు, దుప్పట్లు తెచ్చుకుంటే పర్శరాములు ఒక జట్టు నీలం అంగీ, ఈ పిచ్చి తెచ్చుకున్నాడు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొక దారి.

తిరిగొచ్చి ఒక ఆసామి దగ్గర రాత్రి పాళీ సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఏడాదంతా ఎలాగో ఓర్చుకుంటాడు గానీ, జులై ఒకటో తారీకు వచ్చిందంటే ఆయనను పట్టలేం. ఒప్పందం తీరిన ఆటగాళ్ళు తమకు నచ్చిన జట్టుకు పోవచ్చని తలుపులు తెరిచే రోజు అది. ఆ రోజు పర్శరాములు సాంచా ముట్టడు. నీలం అంగీ ఉతికి తొడుక్కుని కొండల్ హోటల్లో కూర్చుంటాడు.

"సూశినవా కొండల్, నీలం అంగీలోళ్ళు ఎర్రగడ్డపోన్ని ఇడిశిపెట్టిన్రు!"

"ఏ ఎర్రగడ్డపోడు? మన ఉల్లిగడ్డల సేటా?"

"ఉల్లిగడ్డలు గాదు బై, ఎర్ర గడ్డమోడు, గోల్ ఆపెటోడు! వాడు లేకుంటె ఇగ వాళ్ళ ఇల్లు దర్వాజ లేని ఇల్లే."

"అయితే గొళ్ళెం పెట్టుకోమను. చాయ్‌ల చక్కెర ఎయ్యాల్నా?"

పెళ్ళికి పోతే పెళ్ళికొడుకును చూసి "ముప్పై దాటినట్టుండు, మోకాళ్ళు సూశిన్రా?" అని అడుగుతాడు. ఒకసారి పిల్ల తండ్రి నిజంగానే కంగారుపడి పిల్లగాడిని నాలుగడుగులు నడిపించి చూశాడు. పార్టీలు మారే లీడర్లంటే మాత్రం ఆయనకు చిన్నచూపు. "జులై అనకుంట జనవరి అనకుంట దుంకుతరు. వీళ్ళకో సీజన్ లేదు, పాడు లేదు" అంటాడు.

ఆయన ముచ్చట వినలేక మొదట పారిపోయేవాడు పక్కింటి లచ్చయ్య. లచ్చయ్యకు సొంతంగా రెండు సాంచాలున్నాయి, ఇంటి ముందరి అర్రలోనే. ఆయన సాంచా నడిపితే భార్య శంకరవ్వ గోడవారన కూర్చుని కండెలు చుట్టేది. దారాల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే నూలు కండె లేనిదే సాంచా నడవదు. అంటే శంకరవ్వ చెయ్యి ఆడితేనే లచ్చయ్య చెయ్యి ఆడేది. పిల్లలు లేరు. ఇద్దరి మధ్య మాటలు కూడా తక్కువే. సాంచా చప్పుడులో మాటలు వినపడవు కదా, కళ్ళతోనే కాపురం చేశారు.

రోహిణి కార్తె ఎండల్లో శంకరవ్వ జ్వరమని పడుకుంది. మళ్ళీ లేవలేదు.

పిట్టకు పెట్టే రోజున వాగు ఒడ్డున విస్తరి వేశారు. పోయిన మనిషికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదని నమ్మకం. కాకి వచ్చింది, దూరంగా కరెంటు తీగ మీద కూర్చుంది, కదలదు. "నీ దినాలు మంచిగ జేస్తం అవ్వా" అన్నారు ఒకరు. "నీ ఆడబిడ్డకు చీర పెడతం" అన్నారు ఇంకొకరు. కాకి మెడ తిప్పి అటువైపు చూసింది. పర్శరాములు ఉండబట్టలేక, "కదలనని ఒప్పందంల రాయించుకున్నట్టున్నది, అసొంటి ఆటగాళ్ళుంటరు" అన్నాడు. పక్కవాళ్ళు ఆయన డొక్కలో పొడిచారు. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టి లేచారు.

కాకి ఎందుకు ముట్టలేదో లచ్చయ్యకు తెలుసు. తెలుసని ఆయన అనుకున్నాడు. ధర్మపురి పోయి గోదాట్లో మునిగి నర్సింహస్వామిని చూసొద్దామని శంకరవ్వ ఏటా అడిగేది. "ఈ బీము ఒడవనీ" అనేవాడు లచ్చయ్య. బీమంటే సాంచాకు ఎక్కించే పడుగు నూలు చుట్ట. ఒక బీము నూలు ఒడిస్తే ఇంకో బీము ఎక్కేది. అలాగే ఆమె కాలం ఒడిసింది. ఆ రోజు నుంచి లచ్చయ్య సాంచాల మీద పాత దుప్పటి కప్పేశాడు. అరుగు మీద కూర్చుని గోడను చూసేవాడు. ఎవరు పలకరించినా మాట లేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. మనిషి ఎండిపోతున్నాడు. వానలు పడేదాకా కూడా ఉండడేమోనని వాడకట్టు భయపడింది.

అందరూ వచ్చారు. వేదాంతం చెప్పారు, పోయినోళ్ళతో పోతామా అన్నారు, వాళ్ళ పనికి వాళ్ళు పోయారు. పర్శరాములుకు వేదాంతం రాదు. రాత్రి పాళీ దిగి నేరుగా వచ్చి అరుగు మీద కూలబడి, "అన్నా, ఎర్ర అంగీలోళ్ళు ఒక పండ్లూడినోన్ని తీసుకున్నరు" అని మొదలుపెట్టాడు. లచ్చయ్యకు ఒళ్ళు మండింది. ఇంట్లో మనిషి పోతే వీడికి ఇంకా అంగీల గోలేనా? లేచి లోపలికి పోదామంటే కాళ్ళలో సత్తువ లేదు. కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చెవిలో జోరీగ.

జులై పడ్డాక ఒక పొద్దున పర్శరాములు ఉత్సాహంగా చెప్పాడు. "నల్ల అంగీలోళ్ళు నలభైకి దగ్గరవడ్డోన్ని తీసుకున్నరన్నా, అదీ ఏడేండ్లకు! మస్తు పని జేసిన్రు."

లచ్చయ్య నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ అక్కల్ గడ్డికి పోయిందారా? నలభైయేండ్లోనికి ఏడేండ్లెవడిస్తడు? కాళ్ళిరిగితె ఎవడు మోస్తడు?"

గొంతు జీరపోయి, బొంగురుగా, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు వచ్చింది ఆ మాట. వాకిలి ఊడుస్తున్న అవతలింటి కొమురవ్వ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పర్శరాములు మాత్రం ఏమీ జరగనట్టు, "అనుభవం ఉండాలె కదన్నా" అన్నాడు. "అనుభవం ఉంటె ఇంట్ల కూసోని చెప్పాలె, మంచు మీద ఉరుకుడెందుకు?" అని లచ్చయ్య మళ్ళీ అందుకున్నాడు. వాదన అయ్యేసరికి పొద్దెక్కింది. ఆ పూట లచ్చయ్య తెలియకుండానే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక అక్కడి నుంచి రోజూ కొట్లాటే. పర్శరాములు ఒకడిని మోసుకొస్తాడు, లచ్చయ్య వాడిని ఉతికి ఆరేస్తాడు. ఆషాఢం పోయింది, బోనాలు పోయాయి, రాఖీలు కట్టారు, వినాయకుణ్ణి కూర్చోబెట్టారు. ఆటగాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. వాళ్ళ రోగాలు కూడా విచిత్రమైనవి. ఒకడికి వానొస్తే మోకాలు గుంజుతుంది. ఒకడు వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లు. కెనడాలో వంకాయ ఎవరు పెట్టారని అడగాలని లచ్చయ్యకు తోచలేదు. తిట్టే ఊపులో ఉన్నాడు మరి.

అయితే ఒక రోజు పర్శరాములు తెచ్చినవాడు వేరు.

"అన్నా, ఒకడున్నడు. మంచి ఆటగాడు. పెండ్లాం గుడికి పోదామంటె 'ఈ ఆట కానియ్యి' అనుకుంట దినాలెల్లదీశిండు. ఆమె సచ్చిపోయింది. వాడిప్పుడు కర్ర ముట్టుకుంటలేడు. ఏ జట్టూ వద్దంటున్నది."

 "కెనడాల గుడి యాడిదిరా?" అన్నాడు లచ్చయ్య.

"ఉంటది... వాళ్ళ గుడి వాళ్ళకుండదా?"

"మరి నువ్వేమంటవ్ వానిగురించి?"

"నేనైతే తీసుకుంటనన్నా. వాడు పని జేశిండు, తప్పు జెయ్యలే."

లచ్చయ్య లేచి లోపలికి పోయి, దుప్పటి కప్పిన సాంచా పక్కన నిలబడి ఏడ్చాడు. శంకరవ్వ పోయాక ఆయన కంట నీరు రావడం అదే మొదలు. అందరూ ఏడ్చిన రోజు రాని నీళ్ళు ఆ పొద్దున ఆగకుండా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం పర్శరాములు భార్య పోశవ్వ తలుపు దగ్గర కూర గిన్నె పెట్టి పోబోతుంటే లచ్చయ్య ఆపాడు.

"పోశవ్వా, నిజం చెప్పు. ఆటగాళ్ళను తీసుకునుడు ఇంకా నడుస్తనే ఉన్నదా?"

పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"యాడిది బావా! అసలోళ్ళు ఆషాఢంలనే ఒడిశిన్రు. అప్పటిసంది ఈయనే పుట్టిస్తుండు. నీళ్ళు పోసుకుంట ఒకన్ని పుట్టిస్తడు, పండ్లు తోముకుంట ఒకన్ని పుట్టిస్తడు. వానకు గుంజే మోకాలు నాది. వంకాయ పడనిది మా తమ్మునికి. నిన్నైతే ఎవలూ దొరకక నన్ను లేపి, 'ఏదన్న రోగం చెప్పవే' అని పాణం తీశిండు."

"రాత్రి పాళీ చేసొచ్చి పండుకోవాలె గదా మనిషి?"

"నువ్వు మొదలు తిట్టిన్నాడు ఇంటికొచ్చి ఎగిరిండు బావా. 'లచ్చన్న తిట్టిండే, మంచిగ తిట్టిండే' అని. ఇగ నిద్దరెక్కడిది!"

లచ్చయ్య గడప మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే అడిగాడు. "గుడి ముచ్చట వానికెట్ల తెలుసు?"

"నేనే చెప్పిన. శంకరవ్వక్క నాతోని అనేది. 'ఆయన బీము ఒడవదు, నేను ధర్మపురి జూడ' అని. అనుకుంటనే నవ్వేది బావా. 'సాంచా సప్పుడినబడితె చాలు పోశీ, నా మనిషి ఇంట్లున్నడని నాకు నిమ్మళం' అనేది. ఆమెకు నీ మీద కోపమెక్కడిది?"

"మరి పిట్ట ఎందుకు ముట్టలే?"

పోశవ్వ గిన్నె అటూ ఇటూ జరిపింది. "ఆనాడు వంట నాది. ఏడ్చుకుంట కారం రెండుమాట్ల ఏశిన. ఆవు సుత జెర ఎనక ముందాడింది, నువ్వు సూడలే."

మర్నాడు పొద్దున పర్శరాములు ఎర్రబడిన కళ్ళతో, నీలం అంగీతో వచ్చి అరుగు ఎక్కాడు. నోరు తెరిచేలోగా లచ్చయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఇయ్యాల ముచ్చట నాది. ఒక ముసలోడు ఖాళీగున్నడు. సాంచా నడుపుతడు. కండెలు చుట్టెటోళ్ళు లేక ఆగిండు. ఏమంటవ్?"

 దొరికిపోయానని పర్శరాములుకు తెలిసింది. అయినా తీర్పు చెప్పే అవకాశం ఎదురుగా వస్తే వదులుకునే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు.

"మోకాళ్ళెట్లున్నయ్?"

"ఉన్నయ్."

"కోపం?"

"మస్తున్నది."

"అయితే తీసుకోవచ్చు. కండెలు చుట్టెటోడు నా ఎరుకల ఒకడున్నడన్నా. పొద్దుగాల ఖాళీనే. పని రాదు గని ముచ్చట్లు బాగ చెప్తడు."

"ముచ్చట్లు చెప్పెటోడు నాకెందుకురా... సరే, రమ్మను. నిద్ర పొయ్యొచ్చినంక రమ్మను."

"వాడు నిద్ర పోయిండన్నా" అన్నాడు పర్శరాములు ఆవలిస్తూ.

లచ్చయ్య లోపలికి పోయి దుప్పటి లాగేశాడు. దుమ్ముకు ఇద్దరూ తుమ్మారు. శంకరవ్వ కూర్చునే చోట పర్శరాములు కూర్చుని చుట్టిన మొదటి కండె నాడెలో పెట్టగానే నూలంతా ఊడి చిక్కుపడింది. రెండోదీ అంతే. సాంచా చప్పుడును మించి లచ్చయ్య తిట్లు వీధి చివరిదాకా వినపడ్డాయి. ఆ తిట్లు విని కొమురవ్వ కళ్ళు తుడుచుకుంది. పోశవ్వ పొయ్యి మీద ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసింది.