శివారు టైమర్

మరిడమ్మ జాతరకు నాకు దొరికిన మొదటి లైట్ల బోర్డు అది. లైట్ల అమ్మవారి బొమ్మ వెనుక చక్రం గబగబా తిరగాలి, కళ్ళు మాత్రం నెమ్మదిగా మూసి తెరవాలి. లైట్లను వెలిగించి ఆర్పే రెండు టైమర్ ఐసీలు (చిప్పులు) తెచ్చి, తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద అమర్చాను. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. కలిపితే మాత్రం చక్రం కదిలినప్పుడల్లా కళ్ళు టపటపలాడాయి. సాయంత్రంలోగా సరిచేయకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఎదురింటి ఫిజిక్స్ మేడం గారి దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మవారు అందరికీ కన్ను కొడుతోందండి. నన్ను ఊళ్ళో ఉండనివ్వరు."

ఆవిడ వచ్చి, రెండు ఐసీలకూ కరెంటు తెచ్చే ఒకే తీగను చూపించారు.

"మీది కాలవ చివరి శివారు పొలమే కదండీ? పైవాళ్ళు తూము తెరిస్తే మీకేమవుద్ది?"

"నీళ్ళందవండి."

"ఇక్కడా అంతే. ఒక్కోదాని పక్కన నిలవకి చిన్న గుంట తవ్వుకోండి."

"టేబుల్ మీదాండీ?"

"కరెంటు నిలవుంచే కెపాసిటర్ పెట్టండి మహానుభావా!"

ఒక్కో ఐసీకి ఆనించి, ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య ఒక్కో కెపాసిటర్ గుచ్చాను. కళ్ళు కుదుటపడ్డాయి. ఎనిమిదిలోనే బడి మానేసిన నాకు, ఆవిడ నా పొలంలోంచే పాఠం తీసి చెప్పారు.

ఆ సాయంత్రం జనమంతా బోర్డుకు దణ్ణం పెడుతుంటే, నేను పక్కనున్న మేడం గారి వైపు తిరిగి పెట్టాను.

"అటు తిరగండి, అమ్మవారు చూస్తోంది" అన్నారు.