బానెట్ కోసిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం నా పాత కారు కొంటానని ఒంగోలు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. టైర్లు తన్ని చూశాడు, అద్దాలు దించి ఎత్తాడు, అంతా నచ్చినట్టే తలాడిస్తూ బానెట్ తెరిచాడు. లోపలివైపు రేకుకు దన్నుగా ఉండే పట్టీని ఎవరో జానెడు మేర కోసేసిన చోట వేలు పెట్టి, "ఆక్సిడెంట్ బండా అండీ ఇది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆయనేం చేశాడు! ఆరేళ్ళ కిందట చిలకలూరిపేట షెడ్డులో జరిగిందంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చింది.

ఆ కారు సెకండ్ హ్యాండ్‌దే అయినా నా జీతంతో నేను కొనుక్కున్నది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా సైన్సు టీచరుగా పని చేస్తూ, మిర్చి సీజనంతా ఆటోల్లో బస్తాల మధ్య తుమ్ముకుంటూ హైస్కూలుకి వెళ్ళొచ్చినదాన్ని. కొన్న వారానికే, మొదటి గేరులో బండి కదిలేటప్పుడు ముందుభాగంలో ఏదో లేచి పడినట్టు కుదుపు వస్తోందని కనిపెట్టాను. మా తమ్ముడికి చెప్పాను. వాడు జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు, ఫోనులో కార్ల వీడియోలు చూసి చూసి మా ఇంట్లో ఇంజనీరైపోయాడు. "నీకు క్లచ్ వదలడం రాదక్కా, అంతే" అని తేల్చేశాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా బండి మలుపుల్లో ఊగుతోందట, దానికి స్ట్రట్ బార్ వెయ్యాలట! ముందు చక్రాల మీదుండే రెండు గూళ్ళనూ కలుపుతూ ఇంజిన్ పైనుంచి అడ్డంగా బిగించే కమ్మీ అది. నేను నడిపే వేగానికి పత్తి ట్రాక్టర్లే హారన్ కొట్టి దాటిపోయేవి, ఇక నా బండికి ఊగే తీరికెక్కడిది? అయినా నేను బడిలో ఉన్నప్పుడు ఎర్రరంగు కమ్మీ ఒకటి తెచ్చి బిగించేశాడు. మర్నాడు నన్నూ, కారునీ పెదకాకాని గుడికి తీసుకెళ్ళి వాహన పూజ కూడా చేయించాడు. పూజారిగారు స్టీరింగుకీ, అద్దానికీ బొట్లు పెట్టి ముగించబోతుంటే, వీడు బానెట్ ఎత్తి, "దీనికి కూడా పెట్టండి స్వామీ" అని కమ్మీకి మూడు చోట్ల పసుపూ కుంకుమా పెట్టించాడు.

తిరిగొచ్చేటప్పుడు గుడి దగ్గర బండి కదిలించానో లేదో, కుదుపుతో పాటు టంగుమని చప్పుడు. ఇంజిన్ లేచి కమ్మీకి కొట్టుకుంటోంది. అది కనిపెట్టడానికి వీడియోలేం చూడక్కర్లేదు. ఆ మధ్యాహ్నమే తమ్ముడు నన్ను చిలకలూరిపేటలో తనకు తెలిసిన లారీ మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళాడు. మేస్త్రి ఎక్సలేటరు తొక్కి, చప్పుడు విని, వేలితో సందు చూసి, "జాగా చాల్లేదు" అన్నాడు. "కమ్మీ తీసేస్తే సరిపోతుంది కదా" అన్నాను. గుళ్ళో చెప్పులేసుకున్నదాన్ని చూసినట్టు ఇద్దరూ నా వైపు చూశారు.

"పూజ చేయించింది తీసేత్తారా మేడమ్? బండికి మంచిది కాదండీ" అన్నాడు మేస్త్రి.

"నువ్వెళ్ళి నీడలో కూర్చో అక్కా, మేం చూసుకుంటాం" అన్నాడు మా వాడు, నా చేతిలో ఒక సోడా పెట్టి.

కమ్మీ తియ్యకూడదు కాబట్టి దాని రెండు చివర్ల కింద వాషర్లు పేర్చి వేలెడు ఎత్తు లేపారు. అప్పుడు బానెట్ మూతపడలేదు. సరే, బానెట్ కోద్దామన్నారు! బొట్టు పెట్టిన కమ్మీని తియ్యకూడదు గానీ, నా బానెట్‌ని కోసెయ్యొచ్చట. అదేం భక్తో ఇప్పటికీ నాకు అర్థం కాదు. గ్రైండరు తిప్పారు, నిప్పురవ్వలు లేచాయి. "అదేమిట్రా" అన్నాను. ఆ రొదలో నా మాట నాకే వినిపించలేదు. కోసిన పట్టీ ముక్కను నూనె డబ్బాలోకి విసిరేసి, "ఇంక ఢోకా లేదు మేడమ్" అని చేతులు తుడుచుకున్నాడు మేస్త్రి. గుంటూరు రోడ్డెక్కేలోపే మళ్ళీ టంగుమంది.

మర్నాడు మా బడి ఎదురుగా ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన బానెట్ ముట్టుకోలేదు. "నడిపేది మీరు కదమ్మా, మీకేం తెలుస్తోందో చెప్పండి" అన్నాడు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. బండి కదిలేటప్పుడు ఇంజిన్ లేస్తున్నట్టుంది అన్నాను. బ్రేకు మీద కాలుంచి మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదలమని, తను ఇంజిన్ వైపు వంగి చూశాడు. "మీరన్నదే నిజమమ్మా. దీన్ని పట్టుకునే రబ్బరు మౌంటింగ్ తెగిపోయింది" అన్నాడు. సాయంత్రానికి కొత్త రబ్బరు వేశాడు. ఇంజిన్ కుదురుగా కూర్చుంది. వాషర్లన్నీ తీసేసి కమ్మీని మొదటి చోటే బిగించినా, దానికీ ఇంజిన్‌కీ మధ్య నా అరచెయ్యి దూరింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. అనవసరంగా కోసిన బానెట్ మాత్రం అలాగే మిగిలింది.

మా తమ్ముడికి ఫోను చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. వాడు ఓపిగ్గా విని, "చూశావా అక్కా, నేను బార్ వెయ్యబట్టే ఆ రబ్బరు పోయిందని బయటపడింది" అన్నాడు. పదిహేను రోజులు వాడితో మాట్లాడలేదు. తర్వాత ఎలాగో కలిసిపోయాం, తోడబుట్టినవాడు కదా. వాడి మీద కోపం ఎప్పుడో పోయింది, ఆ మేస్త్రి ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదు. నా మీద నాకున్న కోపమే ఇంకా చల్లారలేదు. ఆ కోతకు పట్టింది రెండు నిమిషాలు. లేచి వెళ్ళి, "ఇది నా బండి, ఆపండి" అనడానికి ఆ రెండు నిమిషాలూ చాలు. నేను సోడా తాగుతూ కూర్చున్నాను.