వెనక వరుస రాటలు

రామచంద్రపురం సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా నేను చేరింది కరోనా సద్దుమణిగిన తరువాతి ఏడాది, వేసవిలో. రిటైర్మెంటుకు ఇంకా పద్దెనిమిది నెలలున్నాయి. ఈ హోదాను జనం పొట్టి చేసి ‘డీఈ గారు’ అంటారు. కింద ఏఈలు, పైన ఈఈ, మధ్యలో మేము. పైబరువు మోస్తూ కిందివాళ్ళ మీద ఆనుకునే దూలం లాంటి ఉద్యోగం. రోడ్లు, కల్వర్టులు, ప్రభుత్వ భవనాలు మా అసలు పని. దానికి తోకలా ఇంకొకటి ఉండేది. బహిరంగ సభలకు వేసే తాత్కాలిక వేదికలను పరీక్షించి, ‘ఇది నిలబడుతుంది’ అని సంతకం పెట్టడం. ఆ కాగితాన్ని సౌండ్‌నెస్ సర్టిఫికెట్ అంటారు. అది చూపించనిదే సభకు అనుమతి రాదు. మైకులు బాగా పలుకుతాయని ఇచ్చే కాగితమేమోనని చాలామంది నిర్వాహకులు అనుకునేవారు.

ఆ కార్తీకంలో సోమేశం గారికి సన్మానం తలపెట్టారు. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడే మనిషి ఆయన. నలభై అయిదేళ్ళుగా పాడుతున్నారు. ఆయన పాటల్లో ఎవరో ఒకరు రేవులో ఎదురుచూస్తూ ఉంటారు, ఎవరో ఒకరు రారు. క్యాసెట్ల కాలంలో మా డెల్టాలో టీకొట్టు లేని సెంటరైనా ఉండేదేమో గాని ఆయన గొంతు లేని టీకొట్టు ఉండేది కాదు. నా భార్య కమలకు ఆయన పాటంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో మా టేప్ రికార్డరు పాడైతే, నేను అలిగినప్పటికంటే ఎక్కువ కంగారు పడింది.

అభిమాన సంఘం అధ్యక్షుడు సత్తిరాజు గారు కొబ్బరికాయల వ్యాపారి. దరఖాస్తుతో మా ఆఫీసుకు వచ్చినప్పుడు, వేదిక మీద ఒకేసారి ఎంతమంది ఉంటారని అడిగాను. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు, సరుగుడు రాటల మీద చెక్కలు. యాభై మందికి మించకూడదని నా లెక్క.

“ఒకేసారి యాభై మంది ఎందుకుంటారండీ? ఊరికో శాలువా వస్తుందండి. ఎక్కుతారు, కప్పుతారు, దిగుతారు. అంతేనండి, ఆయ్!” అన్నారాయన.

ఆ లెక్కను నేను ఒప్పుకున్నాను. ఎక్కడం, కప్పడం, దిగడం అనే మూడు క్రియల్లో మూడోది మన సన్మానాల్లో జరగదని నాకు తెలియనిది కాదు. శాలువా కప్పినవాడు దిగడు. పక్క ఊరివాళ్ళ ఫొటోలో కూడా పడాలని వెనక్కు జరిగి నిలబడతాడు. తెలిసీ ఎందుకు ఒప్పుకున్నానంటే, అదే సమయంలో నేను ఆయనను ఒక సాయం అడుగుతున్నాను. మా ఆవిడ పేరు, నా పేరు కూడా శాలువాల జాబితాలో రాయమని. రెండు శాలువాలు ఏపాటి బరువు?

సభ రోజు ఉదయం పది గంటలకు పరీక్షకు వెళ్ళాను. కాలవ పక్క మైదానం. ముందు రోజు వాన పడి బంకమట్టి చెప్పులను వదలడం లేదు. అలాంటి నేల మీద రాటను నేరుగా దించకూడదు. అడుగున వెడల్పాటి చెక్క పీట వెయ్యాలి, అప్పుడే బరువు పరుచుకుంటుంది. ముందు వరుస చూశాను, మధ్య వరుసలు చూశాను, ప్రతి రాట కిందా పీట ఉంది. వెనక వరుసకు అడ్డంగా పట్టా కట్టేశారు. చూడాలంటే మోకాళ్ళ మీద పాకాలి. నేను మోకాళ్ళతో చర్చలు జరుపుతుండగా కారొచ్చింది. అందులోంచి సోమేశం గారు దిగారు, మైకులు సరిచూసుకోవడానికి.

పందిరి కాంట్రాక్టరు సూర్రావు, “వెనకాల కూడా అంతేనండి. మీరు పెద్దాయన్ని చూడండి సార్” అన్నాడు. కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను. ఒంగి చూడవలసిన చోట ఒంగని నడుము, ఆయన కాళ్ళకు దండం పెట్టడానికి మాత్రం చక్కగా సహకరించింది.

మధ్యాహ్నం మూడున్నరకు సభ మొదలైంది. ఆయన మూడు పాటలు పాడాక శాలువాలు మొదలయ్యాయి. సందు దొరికినప్పుడల్లా వాద్యబృందం ఆయనకున్న ఒకే ఒక్క హుషారు పాటను, పడవ వాళ్ళ పాటను, వాయిస్తోంది. వేదిక మీదవాళ్ళు దానికి చప్పట్లు కొట్టసాగారు, తరువాత కాళ్ళు కలిపారు. నేను మొదటి వరుసలో, ఒళ్ళో కవరుతో సహా నా శాలువా పెట్టుకుని, అలవాటు కొద్దీ తలలు లెక్కపెడుతున్నాను. తొంభై దాటాక లెక్క తప్పింది. కమల ఎప్పుడో ఎక్కేసింది. ఆయన వెనక మూడో వరుసలో నిలబడి ఫోన్ పైకెత్తి నవ్వుతోంది.

అప్పుడు ఒక నీళ్ళ సీసాను చూశాను. సోమేశం గారి కాళ్ళ దగ్గర పడి ఉన్నది, ఎవరి కాలూ తగలకుండానే వెనక్కు దొర్లడం మొదలుపెట్టింది. జనం కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఎవరో ఆపి నిలబెట్టారు. అది పడి మళ్ళీ వెనక్కే దొర్లింది.

శాలువా కవరు చంకలో పెట్టుకున్నాను. లేచి, పట్టా ఎత్తి, వేదిక కిందికి దూరాను. ఈసారి మోకాళ్ళు ఏమీ అడగలేదు. వెనకే సూర్రావు వచ్చాడు. ఫోన్ వెలుగులో వెనక వరుస కనిపించింది. మూలనున్న మూడు రాటల కింద పీటలు లేవు. రెండేసి ఇటుకలున్నాయి. అవి బురదలోకి సగం దిగిపోయాయి. ఒక ఇటుక రెండుగా చీలింది. మూల రాట దాని మీద సగం మాత్రమే ఆని ఉంది. పైన జనం కాలు వేసినప్పుడల్లా దూలం లేచి కూర్చుంటోంది. లేచినప్పుడు రాటకూ దూలానికీ మధ్య వేలు దూరేంత సందు. కూర్చున్నప్పుడు కొబ్బరి తాడు కిర్రుమనడం. నా కళ్ళజోడు మీద దుమ్ము రాలింది.

చదివేవారికి ఒక మాట చెప్పాలి. సిమెంటు కూలే ముందు బీటలు వారుతుంది. ఉక్కు వంగి చూపిస్తుంది. ఇటుక మీద రాట మాత్రం జారే క్షణం దాకా నిలబడే ఉంటుంది. ఒక మూల జారితే పై బరువంతా పక్క రాట మీదికి వస్తుంది, అదీ జారుతుంది. అక్కడి నుంచి లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.

“పీటలు సరిపోలేదండి...” అన్నాడు సూర్రావు. “సార్, మా అమ్మ పైనే ఉందండి. ఆవిడా శాలువా తెచ్చింది” అన్నాడు.

మా ఆవిడ కూడా పైనే ఉందని చెప్పాను. బురదలో వంగి నిలబడి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

బరువు మీద ఉన్న రాట కింద పీట దూర్చబోతే, ఆ దెబ్బకే జారవచ్చు. జాకీలు తెప్పించడానికి అరగంట పడుతుంది. మైకులో చెబితే క్షణంలో తెలుస్తుంది గాని, పైనున్న నూరు మందికి పైగా జనానికి కుడివైపు ముందున్న మూడడుగుల వెడల్పు మెట్లు ఒక్కటే దారి. అందరూ అటు ఉరికితే వేదిక కూలకముందే మనుషులు నలిగిపోతారు. మిగిలింది ఒక్కటే, వాళ్ళు ఎవరి మాట వింటారో ఆయనతో చెప్పించడం. పీటలు, జాకీలు తెప్పించమని, ఎవరికీ ఏమీ చెప్పవద్దని సూర్రావుకు చెప్పి బయటికి పాకాను.

మెట్ల దగ్గర వాలంటీరు ఆపాడు. “శాలువా ఉన్నోళ్ళేనండి. లైన్లో రండి” అన్నాడు. నా చేతిలో ఉన్నది చూపించాను. ఇంజనీరునని నమ్మించాలంటే ఎంతసేపు పట్టేదో తెలియదు, శాలువాకు మాత్రం వెంటనే దారి ఇచ్చారు. ఎనభై నాలుగు కిలోల నన్ను ఆ బరువుకు జతచేస్తూ ఎక్కాను. కాళ్ళ కింద చెక్కలు లాంచీ బల్లల్లా ఊగుతున్నాయి.

శాలువా కప్పి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఫొటో కోసం పెట్టిన నవ్వు ఆయన మొహం మీద అలాగే ఉంది గాని, నా మోచేయి పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

“ముందు ఏం ఆపమంటారు?” అన్నారు పెదవులు కదపకుండా.

“తాళం ఆపండి. తరువాత వెనకవాళ్ళు ముందు దిగాలి. ఒక్కొక్కరే. ఎవరూ పరుగెత్తకూడదు.”

“ఎంతసేపు ఆగుతుంది?”

తెలియదన్నాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను ఇచ్చిన సర్టిఫికెట్లలో బహుశా అదొక్కటే పూర్తిగా నిజం.

ఆయన తబలా వాయించే అతని భుజం మీద చెయ్యి వేశారు. వాయిద్యం ఆగింది, అడుగులు ఆగాయి. అప్పుడు మైకు తీసుకున్నారు. “అమ్మా, అయ్యా, ఇన్నేళ్ళు మీ మొహాలు చూస్తూ పాడినవాణ్ణి. ఇవాళ అందరూ నా వీపు వెనకాల చేరిపోతే నేను ఎవరికి పాడనండీ? వెనకున్నవాళ్ళు ముందుగా, ఒక్కొక్కరే దిగి నా ఎదురుగా రండి. దిగే ప్రతి మనిషికీ ఒక్కో ముక్క పాడతాను. ఇద్దరు కలిసి దిగితే ఇద్దరికీ లేదు!”

జనం నవ్వారు. నవ్వుతూనే వెనకవాళ్ళకు దారి ఇచ్చారు. నేను పైమెట్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి గేటులా నిలబడ్డాను.

మొదట ఒక ముసలి రైతు వచ్చాడు. సోమేశం గారు తాళం లేకుండా, ఉత్త గొంతుతో ఎత్తుకున్నారు: “రేవు దాటిన పడవకేం తెలుసు, ఒడ్డున నిలిచిన దీపం గోడు...” అయిదు మెట్లు దిగడానికి ఆ ముసలాయనకు ఎంతసేపు పట్టిందో, చివరి అక్షరాన్ని అంతసేపూ సాగదీశారు. రైతు పాదం నేలకు తగిలాక పాట ఆపారు. నేను చెయ్యి తీసి రెండోవారిని వదిలాను. ఎవరైనా తొందరపడితే ఆయన పాట ఆపేసేవారు. వాళ్ళంతట వాళ్ళే సిగ్గుపడి నెమ్మదించేవారు.

ఆయన గొంతు వణుకుతోంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇంత ఆర్ద్రంగా ఎప్పుడూ పాడలేదని తరువాత అందరూ చెప్పుకున్నారు. ఆయన పాదాల కింద ఏముందో తెలిసినవాళ్ళం పైన మేమిద్దరమే.

కమల వంతు రావడానికి చాలాసేపు పట్టింది. ముందుకు లాగేద్దామని చెయ్యి లేచింది. ఒక్కరికి వరుస తప్పిస్తే అందరికీ తప్పుతుంది. దించేశాను. సూర్రావు తల్లి ఆమెకు ముందే దిగింది. కమల నా దగ్గర ఆగి, “ఏంటండీ, మొహం అలా పెట్టారు?” అంది.

“దిగు.”

“ఉండండి, నా ముక్క అవ్వనివ్వండి!” అని రెండో మెట్టు మీద ఆగిపోయి, కళ్ళు మూసుకుని విన్నది. మా పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. అందులో అతి పొడవైన కాలం ఆ ఒక్క పాట ముక్క.

ఇంకా ఇరవై మంది ఉన్నారనగా వెనక మూల నుంచి ఠప్పుమని చప్పుడైంది. స్పీకరనుకుని జనం అటు చూడలేదు. పాట మాత్రం ఆ ఒక్కచోట తెగింది. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని మైదానమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య ఆయన ఊపిరి తీసుకుని మిగతా ముక్క అందుకున్నారు.

చివరికి వాద్యబృందం కూడా, వాయిద్యాలు అక్కడే వదిలేసి, దిగింది. ఇద్దరమే మిగిలాం. ఆయనను ముందు దిగమన్నాను.

“మీరు దిగండి డీఈ గారూ. ఇద్దరిలో బరువు మీరే” అన్నారు. దిగాను. వెనకే ఆయన దిగారు. నేల మీద కాలు పెట్టాక నా భుజం మీద చెయ్యి వేశారు.

మిగతా పాటలు నేల మీద కుర్చీ వేయించుకుని పాడారు. రెండో పాటలో ఉండగా వేదిక వెనక మూల జానెడు లోతు కుంగింది. హార్మోనియం జారి వెళ్ళి ఫ్లెక్సీకి కొట్టుకుని తనంతట తానే ఒక స్వరం మూలిగింది. అప్పటికే సూర్రావు, ఆలస్యంగా వచ్చిన జాకీలను పక్కన పెట్టి, చుట్టూ తాడు కట్టి మనుషులను దూరంగా నిలబెట్టాడు.

మర్నాడు మా ఈఈ గారికి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చాను: వెనక వరుస పరీక్షించకుండా సంతకం చేశాను, అనుమతించిన సంఖ్యను మించి ఎక్కుతారని ఊహించగలిగీ పట్టించుకోలేదు. ఎవరికీ ఏమీ కానప్పుడు ఇదంతా ఫైల్లో ఎందుకని ఆయన ఫోన్ చేశారు. ఉండనివ్వమన్నాను. నాకు మెమో వచ్చింది. జవాబిచ్చాను. సత్తిరాజు గారు మాత్రం అంతటి సన్మానం తన జన్మలో చూడలేదని ఇప్పటికీ చెబుతారు. కమలకు ఆ రాత్రే నిజం చెప్పాను. తన ముక్కను ఆయన తన కోసమే ఎంచుకున్నారనే ఆమె నమ్మకం మాత్రం మారలేదు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వేదికలకు మూడు షరతులు రాశాను. ఎక్కడానికి ఒక మెట్ల దారి, దిగడానికి వేరొకటి ఉండాలి. శాలువాలు నేల మీదే కప్పాలి. వెనక పట్టా నేను చూశాకే కట్టాలి. మోకాళ్ళు నొప్పి పుట్టినా ప్రతి వేదిక కిందా పాకాను. ఏ కట్టడానికైనా ప్రమాదం ఎక్కేవాళ్ళ సంఖ్య వల్ల రాదు. తాను ఆ సంఖ్యలోకి రాననుకునేవాళ్ళ వల్ల వస్తుంది. ఆ రోజు అలా అనుకున్నవాళ్ళలో మొదటివాడు సర్టిఫికెట్ మీద సంతకం చేసినవాడే.